లేజర్ తగిలితే వేడెక్కాలి కదా, పరమాణువు చల్లబడటమేంటి?

బీఎస్సీ చదువుతున్న ఒకరు అడిగిన ప్రశ్న ఇది: "లేజర్‌తో ఇనప రేకులు కోస్తారు, వెల్డింగ్ చేస్తారు. అంటే అది వేడి పుట్టించేదే కదా. మరి అదే లేజర్ కొట్టి పరమాణువులను సున్నా కెల్విన్ దగ్గరికి చల్లబరిచాం అంటారు. ఎలా కుదురుతుంది? చల్లబడ్డవాటిని పట్టుకోవడమెలా? పట్టుకుని ఏం చేస్తారు?"

పన్నెండేళ్లుగా నా పని ఇదే. రుబీడియం అనే లోహపు పరమాణువులను లేజర్లతో ఆపడం, పట్టుకోవడం, కొలవాల్సింది కొలిచి వదిలేయడం. అందుకని కాస్త పొడుగ్గానే చెబుతాను.

మీ సందేహంలో చిక్కంతా "వేడి" అన్న మాట దగ్గరుంది. ఇనప రేకులో పరమాణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. ఒకదానికి వెలుగు శక్తి అందితే అది పక్కవాటిని ఊపుతుంది, ఆ ఊపులన్నీ కలిసి చివరికి వేడిగా మిగులుతాయి. మా గాజు సెల్‌లో, అంటే గాలి తోడేసిన చిన్న గాజు పెట్టెలో, ఉండేది బాగా పలచటి రుబీడియం ఆవిరి. అందులో ప్రతి పరమాణువూ ఒంటరిదే. మింగిన ఫోటాన్‌ని, అంటే వెలుగు కణాన్ని, పక్కదానికి అంటగట్టే దారి దానికి లేదు. రుబీడియం అయితే సగటున 26 నానోసెకన్లలో దాన్ని తిరిగి కక్కేస్తుంది. శక్తి వచ్చింది, పోయింది. మిగిలేది తోపు మాత్రమే, ఎందుకంటే ఫోటాన్‌కి ద్రవ్యరాశి లేకపోయినా ద్రవ్యవేగం ఉంటుంది. ఇలాంటి ఒంటరి పరమాణువుల గుంపుకి ఉష్ణోగ్రత అంటే అవి ఎంత వేగంగా, ఎంత అడ్డదిడ్డంగా పరిగెడుతున్నాయన్నదే. పరుగు తగ్గించగలిగితే చల్లబరిచినట్టే. కాబట్టి మేం చేసేది వేడిని లాగేయడం కాదు, బ్రేకులు వేయడం.

ఆ బ్రేకు ఎంత చిన్నదో చూడండి. గది ఉష్ణోగ్రతలో రుబీడియం పరమాణువు సెకనుకి దాదాపు 300 మీటర్లు పోతుంది. విమానం కంటే వేగం. ఎదురొచ్చి తగిలిన ఒక్కో ఫోటాన్ ఆ వేగంలోంచి తగ్గించేది సెకనుకి 6 మిల్లీమీటర్ల లోపే. మీదికి దూసుకొచ్చే లారీని రేగుపళ్లు విసిరి ఆపడం లాంటిది. 50 వేల రేగుపళ్లు కావాలి. మన అదృష్టమేంటంటే రుబీడియం సెకనుకి సుమారు 2 కోట్ల ఫోటాన్లను మింగి కక్కగలదు. లెక్కేస్తే 3 మిల్లీసెకన్లలోపు, అర మీటరు దూరంలోపు లారీ ఆగిపోతుంది. ఆ బ్రేకు గురుత్వ త్వరణానికి 11 వేల రెట్లు. మొదటిసారి ఈ లెక్క చేసినప్పుడు సున్నాలు ఎక్కడో తప్పు పెట్టానేమో అని మూడుసార్లు చూసుకున్నాను.

కక్కేటప్పుడు కూడా ఎదురు తోపు తగలాలి కదా అంటారేమో. తగులుతుంది. కాకపోతే మింగేది ఎప్పుడూ లేజర్ వైపు నుంచే, కక్కేది ఏ దిక్కుకైనా. వేలసార్లు జరిగాక కక్కిన తోపులు చాలావరకు ఒకదానితో ఒకటి కొట్టుకుపోతాయి. పూర్తిగా పోవు. ఆ మిగిలిన కాస్తే మమ్మల్ని తర్వాత ఇబ్బంది పెడుతుంది.

ఇప్పుడు అసలు సమస్య. లేజర్‌కి ఎదురొచ్చేవాటికి తోపు బ్రేకు అవుతుంది, సరే. లేజర్‌తో పాటే అదే వైపు పోయేవాటికి? వెనక నుంచి నెట్టినట్టవుతుంది, ఇంకా వేగం పెరుగుతుంది. మరి ఎదురొచ్చేవాటికి మాత్రమే తగిలి, దూరంగా పోయేవాటికి తగలకుండా వెలుగుని ఎలా పంపాలి? ఇక్కడే డాప్లర్ ప్రభావం అక్కరకొస్తుంది. స్టేషన్లో ఆగకుండా పోయే ఎక్స్‌ప్రెస్ కూత మన వైపు వస్తున్నంతసేపూ సన్నగా, దాటిపోగానే బొంగురుగా వినిపిస్తుంది కదా, అదే. పరమాణువు మింగడానికి ఇష్టపడే పౌనఃపున్యం, అంటే వెలుగు తరంగం సెకనుకి ఎన్నిసార్లు ఊగాలన్న లెక్క, ఒకటుంటుంది. లేజర్‌ని దానికంటే కాస్త తక్కువలో పెడతాం. నిలబడి ఉన్న పరమాణువుకి ఆ వెలుగు పెద్దగా పట్టదు. లేజర్‌కి ఎదురు పరిగెత్తేదానికి మాత్రం పౌనఃపున్యం పెరిగినట్టు కనిపించి సరిగ్గా శ్రుతిలో పడుతుంది, మింగుతుంది, తోపు తింటుంది. దూరంగా పోయేదానికి ఇంకా తగ్గినట్టు కనిపిస్తుంది కనుక పట్టించుకోదు. ఎదురుబొదురుగా రెండేసి చొప్పున మూడు జతలు, మొత్తం ఆరు బీములు పెడితే పరమాణువు ఎటు కదిలినా ఎదురుదెబ్బే.

ఆ "కాస్త తక్కువ" ఎంతో చెబితే ఈ పనిలో కష్టమెక్కడుందో అర్థమవుతుంది. రుబీడియంకి కావాల్సిన 780 నానోమీటర్ల వెలుగు పౌనఃపున్యం సుమారు 384 టెరాహెర్ట్జ్, అంటే 38 కోట్ల మెగాహెర్ట్జ్. పరమాణువు మింగే పట్టీ వెడల్పు 6 మెగాహెర్ట్జ్. మేం దిగువకు జరిపేది 12 నుంచి 18 మెగాహెర్ట్జ్. ఇటు దిగువకు జరిపితే చల్లబడతాయి, పొరపాటున అంతే ఎగువకు జరిపితే వేడెక్కి చెల్లాచెదురవుతాయి. 38 కోట్లలో పదిహేను. మా ఉద్యోగమంతా ఆ పదిహేనుని కాపాడుకోవడమే అంటే అతిశయోక్తి కాదు. తలుపు గట్టిగా వేసినా లేజర్ ఉలిక్కిపడుతుంది. ఏసీ ఆగిందంటే ఇక ఆ పూట పని లేనట్టే.

శక్తి లెక్క కూడా ఇక్కడే తేలుతుంది. పరమాణువు మింగింది కాస్త తక్కువ పౌనఃపున్యమున్న ఫోటాన్‌ని, కక్కేది సగటున తన సొంత పౌనఃపున్యంలో. అంటే తీసుకున్నదానికంటే కొంచెం ఎక్కువ తిరిగిచ్చింది. ఆ తేడా దాని పరుగులోంచే పోయింది. పోయిన చోటు గది నలుమూలలా చెదిరిన వెలుగు. ఉష్ణగతిక శాస్త్రం నియమం ఏదీ తప్పలేదు.

ఈ ఆలోచనని తటస్థ పరమాణువుల (విద్యుదావేశం లేనివాటి) కోసం 1975లో స్టాన్‌ఫర్డ్‌లో హెన్ష్, షాలో ప్రతిపాదించారు. అదే ఏడాది వైన్‌లాండ్, డెమెల్ట్ అయాన్ల కోసం, అంటే ఆవేశమున్న పరమాణువుల కోసం, ఇలాంటిదే చెప్పారు. అయాన్లను విద్యుత్ క్షేత్రాలతో ముందే బంధించొచ్చు కాబట్టి వాటి పని త్వరగా అయింది, 1978కల్లా చేసి చూపించారు. తటస్థ పరమాణువుల దగ్గర ఇంకో చిక్కుంది. బ్రేకు పడి వేగం తగ్గగానే డాప్లర్ మార్పు కూడా తగ్గుతుంది, పరమాణువు శ్రుతి తప్పి లేజర్‌కి మళ్లీ అందదు. రుబీడియంకి సెకనుకి 1 మీటరు వేగానికి 1.3 మెగాహెర్ట్జ్ తేడా వస్తుంది, 300 మీటర్లకి దాదాపు 385. పట్టీ ఏమో 6. దీనికి విలియం ఫిలిప్స్, హెరాల్డ్ మెట్‌కాఫ్ 1982లో మంచి ఉపాయం చేశారు. దారి పొడుగునా అయస్కాంత క్షేత్రం క్రమంగా మారేలా తీగ చుట్టారు. వేగం తగ్గిన కొద్దీ పరమాణువు శక్తి స్థాయిలు కూడా అందుకు తగ్గట్టు జరిగి, దారంతా లేజర్‌తో శ్రుతిలోనే ఉంటుంది. చుట్లు ఒక పక్క ఎక్కువ, ఇంకో పక్క తక్కువ, చూడటానికి అంతే.

1985లో అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో స్టీవెన్ చూ బృందం ఆరు బీముల పద్ధతిని సోడియం మీద చేసి చూపించింది. దానికి ఆప్టికల్ మొలాసిస్ అని పేరు పెట్టారు. నా మటుకు నేను దాన్ని వెలుగు పాకం అంటాను. అరిసెల పాకంలో పడ్డ చీమ ఎటు కదిలినా పాకం వెనక్కి లాగినట్టు ఉంటుంది కాబట్టి. అయితే పాకం నెమ్మది చేస్తుందే గానీ ఒకచోట పట్టి ఉంచదు. చీమ మెల్లగా జరిగి జరిగి అంచు దాటేస్తుంది. పట్టి ఉంచడానికి ఫ్రాన్స్‌కి చెందిన జాన్ దలిబార్ ఒక ఆలోచన చెప్పాడు, 1987లో చూ, ప్రిచర్డ్ బృందాలు కలిసి దాన్ని పనిచేయించాయి. రెండు కాయిల్స్‌లో కరెంటుని ఒకదానికొకటి వ్యతిరేక దిశలో పంపితే సరిగ్గా నడుమ అయస్కాంత క్షేత్రం సున్నా, బయటికి పోయిన కొద్దీ పెరుగుతుంది. బీములకు తగిన వృత్తాకార ధ్రువణం ఇస్తే, కుడికి జరిగిన పరమాణువు కుడి బీమ్‌నే ఎక్కువ మింగి నడుమకి తోపు తింటుంది. ఎడమకి జరిగినా, కిందికి జారినా అంతే. దీన్ని మాగ్నెటో ఆప్టికల్ ట్రాప్ అంటారు. ల్యాబ్‌లో మేం "మాట్" అంటాం. "పొద్దున మాట్ వచ్చిందా?" అని అడిగితే, ఇవాళ పని మొదలైందా అని అర్థం.

ఆ మాట్ రాక ఎలా ఉంటుందో చెప్పాలి. 780 నానోమీటర్లు పరారుణం అంచున ఉంటుంది, కంటికి దాదాపు కనబడదు. టేబుల్ పక్కన ఒక చిన్న కెమెరా, దానికో పాత మానిటర్. ముందు లేజర్‌ని రుబీడియం ఆవిరి గొట్టంలోంచి పంపి, ఆవిరి వెలుగుని మింగే పౌనఃపున్యానికి లాక్ చేస్తాం, అంటే అక్కడి నుంచి జారకుండా కట్టేస్తాం. తర్వాత రెండో లేజర్, దాని పేరు రీపంపర్. రుబీడియం 87 (మేం వాడే ఐసోటోపు) ఒకే రెండు స్థాయిల మధ్య కోట్లసార్లు అటూ ఇటూ తిరగాలని మన కోరిక. అది కొన్ని వేల తిరుగుళ్లకు ఒకసారి దారి తప్పి 6.8 గిగాహెర్ట్జ్ కింద ఉన్న ఇంకో స్థాయిలో పడుతుంది. అక్కడ పడ్డదానికి మొదటి లేజర్ కనిపించదు. రెండో లేజర్ దాన్ని ఎత్తి మళ్లీ వరసలో పెడుతుంది. రీపంపర్ షట్టర్ మూసి ఉంటే ఎంత గొప్ప మాట్ అయినా కొద్ది మిల్లీసెకన్లలో మాయం. రెండూ లాక్ అయ్యాక కాయిల్స్ ఆన్ చేస్తాం. నల్లటి తెర నడుమ ముందు పొగలా ఏదో, ఒకటి రెండు సెకన్లలో అది గట్టిపడి బియ్యపు గింజంత తెల్లటి మచ్చ. అందులో పది కోట్ల దాకా పరమాణువులు. ఎన్నివేల సార్లు చూశానో, ఇప్పటికీ ఆ మచ్చ వచ్చేదాకా కూర్చోను, నిలబడే ఉంటాను.

రాని రోజులూ ఉన్నాయి. పీహెచ్‌డీ రెండో ఏడు, తొమ్మిది రోజులు మాట్ రాలేదు. లేజర్లు రెండూ బాగానే లాక్ అవుతున్నాయి, పవర్ ఉంది, బీములు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడుతున్నాయి, శూన్యం బాగుంది. ధ్రువణం సరిచేసే పలకలన్నీ విప్పి మళ్లీ బిగించాను. టెన్షన్‌లో సెల్‌లో రుబీడియం అయిపోయిందేమో అని కూడా అనుమానపడ్డాను. పదో రోజు, ఊరికే తోచక, కాయిల్ దగ్గర చిన్న దిక్సూచి పెట్టి చూశాను. ముల్లు ఒక కాయిల్ దగ్గర ఎటు చూపిందో రెండోదాని దగ్గరా అటే చూపింది. తిరగబడాలి, తిరగబడలేదు. రెండు వారాల ముందు కాయిల్‌ని చల్లార్చే నీటి పైపు కారుతుంటే విప్పి బాగుచేసింది నేనే. తిరిగి బిగించేటప్పుడు ఒక కాయిల్ తీగలు తారుమారు చేశాను. రెండు క్షేత్రాలు కలిసిపోయి నడుమ సున్నా అన్నదే లేకుండా పోయింది. రెండు నట్లు విప్పి తీగలు మార్చడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఇప్పుడు కొత్తగా చేరిన విద్యార్థులు "మాట్ రావట్లేదండీ" అంటే ముందు దిక్సూచి చేతికిస్తాను.

ఇక ఎంత చల్లబడతాయి? కక్కిన తోపులు పూర్తిగా కొట్టుకుపోవు అన్నాను కదా. ఆ అడ్డదిడ్డపు తోపులు వేడి పుట్టిస్తాయి, డాప్లర్ బ్రేకు చల్లబరుస్తుంది. రెండూ సరిసమానమైన చోట ఆగిపోవాలి. సోడియంకి ఆ హద్దు 240 మైక్రోకెల్విన్ (మైక్రో అంటే పది లక్షల్లో ఒక వంతు), రుబీడియంకి 146. చూ బృందం కొలిస్తే 240 దరిదాపుల్లోనే వచ్చింది. సిద్ధాంతం, ప్రయోగం సరిపోయాయి, అందరూ సంతోషించారు.

తర్వాత జరిగింది నాకు ఈ రంగంలో అన్నిటికంటే ఇష్టమైన కథ. ఫిలిప్స్ బృందం 1988లో వెలుగు పాకంలోంచి సోడియంని వదిలేసి, కింద కాస్త దూరంలో పెట్టిన బీమ్‌ని అవి ఎప్పుడు చేరుతున్నాయో చూసింది. వేడిగా ఉంటే త్వరగా చెదిరిపోవాలి, చల్లగా ఉంటే గుంపుగా జారాలి. అవి రావాల్సినదానికంటే గుంపుగా వచ్చాయి. లెక్క కడితే 43 మైక్రోకెల్విన్. సిద్ధాంతం "ఇంతకంటే కుదరదు" అన్నదానిలో ఆరో వంతు కంటే కొంచెం ఎక్కువ. భౌతికశాస్త్రంలో ప్రయోగం లెక్క కంటే బాగా రావడం ఎంత అరుదో ల్యాబ్‌లో పనిచేసేవాళ్లకి తెలుసు. సాధారణంగా వాళ్ల మొదటి అనుమానం కొలత తప్పనే. ఫిలిప్స్ బృందం కూడా ఒక్క పద్ధతితో సరిపెట్టుకోలేదు, వేరే పద్ధతుల్లోనూ సరిచూసుకున్నారు. హద్దు నిజంగానే దాటింది.

కారణాన్ని పారిస్‌లో దలిబార్, కోహెన్ తనూజీ తేల్చారు. పాత లెక్కలో పరమాణువుకి కింద ఒకే స్థాయి ఉందనుకున్నారు. నిజానికి అక్కడ ఒకదాని పక్కన ఒకటిగా కొన్ని ఉపస్థాయిలున్నాయి. ఎదురుబొదురు బీములు కలిసినప్పుడు వాటి శక్తి చోటుని బట్టి గుట్టలు, పల్లాలుగా మారుతుంది. ఒకదాని గుట్ట ఉన్న చోట ఇంకోదానికి పల్లం. వైకుంఠపాళి గుర్తు తెచ్చుకోండి. పరమాణువు తన పరుగు ఖర్చు పెట్టుకుని గుట్ట ఎక్కుతుంది. శిఖరం చేరేసరికి పాము నోట్లో పడుతుంది, అంటే వెలుగు దాన్ని రెండో ఉపస్థాయి పల్లంలోకి దింపేస్తుంది. ఎక్కినంత శక్తీ కక్కిన ఫోటాన్‌తో పాటు పోయింది. మళ్లీ ఎక్కాలి, మళ్లీ పాము. నిచ్చెనలు లేని వైకుంఠపాళి. కొన్ని ఆటలయ్యేసరికి ఎక్కే ఓపిక కూడా ఉండదు, పల్లంలో కూర్చుండిపోతుంది. రుబీడియంని ఇలా 10 మైక్రోకెల్విన్ కిందికి తేవడం ఇప్పుడు మాకు రోజువారీ పని. ఆ వేగం సెకనుకి 5 సెంటీమీటర్లు. ముందు 300 మీటర్లు అన్నాను, గుర్తుంది కదా. చూ, కోహెన్ తనూజీ, ఫిలిప్స్‌లకు 1997లో నోబెల్ వచ్చింది.

దీనికంటే కిందికి పోవాలంటే సాధారణంగా లేజర్ ఆపేయాలి. చివరిగా కక్కిన ఒక్క ఫోటాన్ తోపు ఎలాగూ మిగిలిపోతుంది కాబట్టి. అప్పుడు పరమాణువులను అయస్కాంత బోనులోనో, పరమాణువు మింగని దూరపు రంగు లేజర్ బోనులోనో పెట్టి, అన్నిటికంటే వేడివాటిని బయటికి పోనిస్తాం. సాసర్లో పోసిన టీ ఆరినట్టు. వేడి ఆవిరిగా పోతుంది, మిగిలింది చల్లారుతుంది, టీ కాస్త తగ్గుతుంది. మాకైతే చాలా తగ్గుతుంది, నూటికి తొంభై తొమ్మిది పోయినా బాధపడం. 1995 జూన్ 5న అమెరికాలోని బౌల్డర్‌లో కార్నెల్, వీమన్ ఇలా రుబీడియంని 170 నానోకెల్విన్ దగ్గరికి దించితే రెండు వేల పరమాణువులు ఒకే క్వాంటం స్థితిలోకి చేరాయి. 1924లో ఢాకాలో పాఠాలు చెప్పుకుంటున్న సత్యేంద్రనాథ్ బోస్ ఐన్‌స్టీన్‌కి పంపిన వ్యాసంతో మొదలైన సంగతి అది. ఐన్‌స్టీన్ దాన్ని తనే జర్మన్‌లోకి అనువదించి అచ్చు వేయించి, తర్వాత ఆ లెక్కని పరమాణువులకు పొడిగించాడు. కాగితం నుంచి సెల్ దాకా రావడానికి 70 ఏళ్లు.

పట్టుకోవడం గురించి. పైన చెప్పిన మాట్ ఒక రకం పట్టు, అందులో పరమాణువు ఎప్పుడూ వెలుగు తింటూ కక్కుతూ ఉంటుంది, సున్నితమైన ప్రయోగానికి పనికిరాదు. రెండో రకం ఆప్టికల్ ట్వీజర్, అంటే వెలుగు పట్టకారు. పరమాణువు మింగే రంగుకి చాలా దూరంగా ఉన్న లేజర్‌ని తీసుకుని, లెన్స్‌తో ఒక మైక్రాన్ అంత చుక్కగా కుదిస్తే, వెలుగు ఎక్కువున్న చోటికి పరమాణువు లాగబడుతుంది. మింగకుండానే. ఈ బోను లోతు సుమారు 1 మిల్లీకెల్విన్ మాత్రమే, అందుకే ముందు చల్లబరచందే అందులో నిలవదు. బెల్ ల్యాబ్స్‌లో దీనికి పునాది వేసిన ఆర్థర్ ఆష్కిన్‌కి 2018లో నోబెల్ ఇచ్చారు, అప్పటికి ఆయన వయసు 96.

ఇందులో నాకు ముచ్చటేసేది ఒకటుంది. ఒక్కో పట్టకారులో ఒక్కటే పరమాణువు కావాలి. రెండు పడితే? చల్లబరిచే వెలుగు తగలగానే అవి ఢీకొని రెండూ ఎగిరిపోతాయి. కాబట్టి మిగిలేది ఒకటి, లేదా సున్నా. వంద పట్టకార్లు పెడితే దాదాపు సగం ఖాళీ. కెమెరా ఫొటో తీస్తుంది, ఎక్కడ ఖాళీలున్నాయో కంప్యూటర్ చూస్తుంది, కదిలే ఇంకో పట్టకారు అదనంగా ఉన్నవాటిని ఒక్కొక్కటిగా ఎత్తి ఖాళీల్లో పెడుతుంది. పెళ్లి భోజనాల్లో బంతి నడుమ ఖాళీ విస్తళ్లుంటే "ఇటు జరగండి బాబూ" అని సర్దినట్టే. ఇదంతా సెకనులోపే. పక్కపక్కన కొన్ని మైక్రాన్ల దూరంలో కూర్చున్న పరమాణువులను రిడ్‌బర్గ్ స్థితికి, అంటే బయటి ఎలక్ట్రాన్ కేంద్రకానికి చాలా దూరం జరిగిన స్థితికి, ఎక్కిస్తే ఒకదాన్నొకటి బలంగా ప్రభావితం చేస్తాయి, అదే క్వాంటం కంప్యూటర్‌కి గేటు. 2025లో అమెరికాలోని కాల్‌టెక్ బృందం 12 వేల పట్టకార్లలో 6,100 సీజియం పరమాణువులను పట్టి చూపించింది. ఎవరైనా అడుగుతారని ముందే చెబుతున్నాను, అమరావతి క్వాంటం వ్యాలీకి ప్రకటించిన ఐబీఎం యంత్రం ఈ రకం కాదు. అది సూపర్‌కండక్టర్ చిప్పుల రకం, అక్కడ చిప్పు మొత్తాన్నీ హీలియం ఫ్రిజ్‌లో చల్లబరుస్తారు.

మా దగ్గర ఫ్రిజ్ లేదు, ఇది కొత్తగా వచ్చినవాళ్లు నమ్మలేని విషయం. గాజు సెల్ గది ఉష్ణోగ్రతలోనే ఉంటుంది, చేత్తో ముట్టుకోవచ్చు. మీ వేలికి ఒకటి రెండు సెంటీమీటర్ల అవతల, కొన్ని మైక్రోకెల్విన్లలో పరమాణువులు తేలుతుంటాయి. నడుమ శూన్యం కాబట్టి గోడ వేడి వాటికి చేరదు. గోడ నుంచి వచ్చే ఉష్ణ వికిరణంలో వాటి శ్రుతికి సరిపోయే ఫోటాన్లు దాదాపు ఉండవు.

అలాగని దీంతో ఇంట్లో ఫ్రిజ్ చేయొచ్చా అని అడగకండి. పది కోట్ల రుబీడియం పరమాణువుల బరువు గ్రాములో లక్ష కోట్ల వంతు కూడా లేదు. పైగా ఇది పనిచేయాలంటే పరమాణువు రెండు స్థాయిల మధ్యే తిరుగుతూ ఉండాలి. బయట ఒకే ఎలక్ట్రాన్ ఉన్న క్షారలోహాలు ఆ మాట వింటాయి, చాలా మూలకాలు వినవు. అణువులైతే కంపనాల్లోకి జారిపోయి ఇంకా ఇబ్బంది పెడతాయి. రుబీడియం ఇంత పేరు తెచ్చుకోవడానికి ఇంకో మామూలు కారణం కూడా ఉంది. దానికి కావాల్సిన 780 నానోమీటర్ల డయోడ్ లేజర్ పాత సీడీ ప్లేయర్లలో ఉండే రకమే. వీమన్ ఆ చవక డయోడ్లతోనే పని మొదలుపెట్టాడు. ఘనపదార్థాలనూ లేజర్‌తో చల్లబరిచే పద్ధతి వేరే ఉంది, యిటర్బియం కలిపిన ఫ్లోరైడ్ స్ఫటికాలను 100 కెల్విన్ కిందికి దించారు. దాని సూత్రం వేరు.

పట్టుకుని ఏం చేస్తారంటే, నన్నడిగితే మొదటి జవాబు గడియారం. సీజియం పరమాణువు 919,26,31,770 సార్లు కంపించే కాలమే ఒక సెకను అని 1967 నుంచి నిర్వచనం. పాత గడియారాల్లో సీజియం వేడి పుంజంగా దూసుకుపోయేది, దాన్ని చూడటానికి దొరికేది మిల్లీసెకన్లే. చల్లబరిచి, లేజర్‌తో మెల్లగా పైకి విసిరితే ఓ మీటరు ఎత్తుకి వెళ్లి కిందికి రావడానికి దాదాపు సెకను పడుతుంది. చూసే సమయం పెరిగిన కొద్దీ కొలత పదునవుతుంది. దీన్ని ఫౌంటెన్ గడియారం అంటారు, ఢిల్లీలో నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ ఒకటి కట్టింది. స్ట్రాన్షియంని వెలుగు జాలిలో పట్టి ఉంచే కొత్త గడియారాలు ఇంకా పదును. 2022లో బౌల్డర్‌లో జున్ యె బృందం ఒక మిల్లీమీటరు ఎత్తున్న పరమాణువుల గుంపులోనే, పైవాటికి కాలం కిందివాటికంటే వేగంగా నడవడం కొలిచింది. ఐన్‌స్టీన్ చెప్పిన సంగతే. మన మేడమీద గడియారం, కింద గడియారం ఒకటి కాదని పుస్తకంలో చదివాం, వీళ్లు గోరంత మందంలో చూపించారు.

రెండోది గురుత్వం కొలవడం. చల్లటి పరమాణువులను వదిలేసి, పడుతుండగా లేజర్ పల్స్‌లతో వాటి తరంగాన్ని రెండుగా చీల్చి మళ్లీ కలిపితే, ఎంత పడ్డాయో తరంగదైర్ఘ్యంలో భాగం దాకా తెలుస్తుంది. 1991లో కాసెవిచ్, చూ చేసిన పని ఇది, ఇప్పుడు ఈ పరికరాలు అమ్మకానికే దొరుకుతున్నాయి.

చివరిగా, ఈ రంగంలోకి రావాలనుంటే. ఎమ్మెస్సీ ఫిజిక్స్ తర్వాత పీహెచ్‌డీ మామూలు దారి. బెంగళూరులో రామన్ పరిశోధన సంస్థ, ఐఐఎస్సీ, ముంబైలో టీఐఎఫ్ఆర్, పుణెలో ఐసర్ లాంటి చోట్ల ఈ పని జరుగుతోంది. 2023లో కేంద్రం ఆమోదించిన నేషనల్ క్వాంటం మిషన్ వల్ల అవకాశాలు పెరిగాయి. క్వాంటం మెకానిక్స్ ఎలాగూ చదువుతారు. దానితోపాటు సోల్డరింగ్, ఓప్‌ఆంప్ సర్క్యూట్లు, కాస్త పైథాన్ నేర్చుకుని రండి. మేం ఇంటర్వ్యూలో చూసేది అవే.

వేసవి సెలవుల్లో ఏదైనా ల్యాబ్‌లో ఇంటర్న్‌షిప్ దొరికితే మిగతావన్నీ పక్కనపెట్టి రుబీడియం గొట్టం ముందు కూర్చోండి. లేజర్ పౌనఃపున్యాన్ని అటూ ఇటూ ఆడిస్తే ఆసిలోస్కోప్ మీద, ఆవిరి వెలుగుని మింగిన చోట్ల, నాలుగు గుంటలు కనిపిస్తాయి. నడుమ రెండూ లోతుగా ఉంటాయి, అవి రుబీడియం 85వి, ప్రకృతిలో నూటికి 72 వంతులు అదే కాబట్టి. రెండు చివర్లా ఉన్న చిన్న గుంటలు రుబీడియం 87వి. తక్కువ పౌనఃపున్యం వైపున్న దాని మీద చల్లబరిచే లేజర్‌ని లాక్ చేయాలి, ఎక్కువ వైపున్న దాని మీద రీపంపర్‌ని.